కారు ఏసీ ఫిల్టర్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? పెట్టెను చూసి నమ్మకండి

పేరున్న కంపెనీ పెట్టె, మీద పెద్ద అక్షరాలతో 'యాక్టివేటెడ్ కార్బన్', ధర చూస్తే షోరూములో అడిగేదానిలో సగం. ఇలా అమ్ముతున్న క్యాబిన్ ఫిల్టర్లలో, అంటే కారు లోపలికి వచ్చే ఏసీ గాలిని వడకట్టే ఫిల్టర్లలో, నకిలీవి కూడా ఉన్నాయి. అందులో ఒకటి మా కారుకు వచ్చింది. ఇంట్లో స్వయంగా ఫిల్టర్ మార్చుకునేవారు ఆర్డరు పెట్టే ముందు ఇది చదవండి.

మా నాన్నగారికి ఉబ్బసం. హైదరాబాద్ నుంచి కోదాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద ఆయనను తరచూ తీసుకువెళ్తుంటాము. ఎప్పుడూ లారీల పొగ, కోతల తరువాత గడ్డి తగలబెట్టిన పొగ. అద్దాలు ఎక్కించి ఏసీ వేస్తే ఆయనకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడాలని, మామూలు ఫిల్టర్ కాకుండా కార్బన్ ఫిల్టర్ తెప్పించాను. అందుకే పోయిన డబ్బు కంటే, ఒక రోగి పీల్చే గాలి విషయంలో మోసం చేశారన్నదే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తోంది.

బిగించేటప్పుడే తేడా తెలిసింది. పాత ఫిల్టర్ అరలోంచి కొంచెం బిగుతుగా వచ్చింది. కొత్తది వేలితో తోయగానే జారిపోయి, ఒక పక్క ఖాళీ మిగిలింది. అంచుల్లో ఫోమ్ పట్టీ లేదు, చట్రం మెత్తగా వంగుతోంది. వెంటనే ఫోటోలు తీసి అమ్మకందారుకు పంపాను. 'ఈ మోడల్‌కు ఇదే సరైన సైజు, వాడి చూడండి' అని జవాబు వచ్చింది. కొన్ని ప్రయాణాల తరువాత ఏసీ గాలి వచ్చే రంధ్రాల దగ్గర సన్నని దుమ్ము కనిపించింది, పొగ వాసన ఎప్పటిలాగే లోపలికి వచ్చింది. ఫిల్టర్ తీసి చూస్తే మడతలు దాదాపు శుభ్రంగా ఉన్నాయి, దుమ్మంతా ఆ ఖాళీ ఉన్న అంచు వెంట గీతలా పేరుకుంది. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. పక్కన సందు ఉంటే చాలా గాలి ఫిల్టర్‌లోంచి వెళ్లకుండా అటే పోతుంది.

బ్లేడుతో కోసి చూశాను. అసలైన కార్బన్ ఫిల్టర్లో రెండు పొరల మధ్య నల్లని బొగ్గు రేణువులు ఉంటాయి. పొర దుమ్మును ఆపుతుంది, బొగ్గు పొగ వాసనను, కొన్ని వాయువులను పట్టి ఉంచుతుంది. నాకు వచ్చినదానిలో ఉన్నది బూడిద రంగు వేసిన ఒకే ఒక పొర. బొగ్గు రేణువు ఒక్కటీ లేదు. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగింది. తరువాత షోరూము స్పేర్ పార్ట్స్ కౌంటరులో కొన్న ఫిల్టర్‌ను పక్కన పెడితే బరువు, మందం, మడతల సంఖ్య అన్నిటిలోనూ తేడా కళ్లకు కట్టింది.

దీని నష్టం మనం పీల్చే గాలితో ఆగదు. చాలా కార్లలో ఫిల్టర్ దాటిన గాలి బ్లోయర్ (గాలిని తోసే ఫ్యాన్) గుండా వెళ్లి, గాలిని చల్లబరిచే ఏసీ కాయిల్‌ను తాకుతుంది. ఏసీ నడుస్తున్నప్పుడు ఆ కాయిల్ తడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము అక్కడే అంటుకుపోయి, గాలి తగ్గుతుంది, ముక్కవాసన మొదలవుతుంది. కాయిల్‌ను బయటికి తీసి శుభ్రం చేయాలంటే చాలా మోడళ్లలో డాష్‌బోర్డు విప్పాల్సిందే. ఆ ఖర్చు ముందు ఫిల్టర్ ధర ఏ మూలకూ రాదు.

ప్రకటనలో ఫోటోను, చుక్కల రేటింగును నమ్మకండి. నా పెట్టెలో ఒక చీటీ కూడా వచ్చింది: అయిదు చుక్కల సమీక్ష పెట్టి స్క్రీన్‌షాట్ పంపితే కొంత డబ్బు వాపసు ఇస్తారట. ఆ వస్తువుకు అన్ని మంచి సమీక్షలు ఎలా వచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది. 'హెపా హెచ్13' (అతి సన్నని కణాలను ఆపే ఫిల్టర్లలో ఒక తరగతి) అని రాసినవాటి విషయంలో మరింత జాగ్రత్తగా ఉండండి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1822 ప్రకారం హెచ్13 అంటే ఆపడానికి అన్నిటికన్నా కష్టమైన సైజు కణాలను కూడా 99.95 శాతం ఆపాలి. అంచులు వదులుగా ఉండే ఫిల్టర్ ఆ పని చేయలేదు. పరీక్ష నివేదిక అడగండి, చూపించలేకపోతే కొనకండి.

కొనే ముందు మీ కారు పాత ఫిల్టర్ మీద ఉన్న పార్ట్ నంబరు చూసి, ప్రకటనలోని నంబరుతో అక్షరం అక్షరం సరిపోల్చండి. బానెట్ కింద ఉండే ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ వేరు, ఇది వేరు. కొందరు అమ్మకందారులు రెండింటి ఫోటోలూ కలిపేస్తున్నారు. కొన్ని మోడళ్ల బేస్ వేరియంట్లలో (అన్నిటికన్నా తక్కువ ధర రకాల్లో) అసలు ఫిల్టరే ఉండదు, ముందు అర తెరిచి చూసుకోండి. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం, వినియోగదారుల సంప్రదింపు వివరాలు ఉండాలి. నాకు వచ్చిన పెట్టె మీద చిరునామా లేదు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, బిల్లు దాచుకోండి.

బిగించడం కష్టమేమీ కాదు. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనుక మూత కింద ఫిల్టర్ ఉంటుంది. కారు ఆపి, పాతది తీసేటప్పుడే దాని మీద బాణం ఎటు చూపుతోందో గమనించండి, కొత్తదాన్నీ అలాగే పెట్టండి. అంచుల చుట్టూ టార్చి వేసి చూడండి. ఎక్కడ సందు కనిపించినా ఆ ఫిల్టర్ వాడకండి.

అమ్మకందారును వాపసు అడిగితే 'ఒకసారి బిగించారు కాబట్టి తీసుకోము' అన్నారు. అలా అనే హక్కు వారికి లేదు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం లోపమున్న, నకిలీ, లేదా ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు నిరాకరించకూడదు. వస్తువు అమ్మిన ఆన్‌లైన్ వేదిక (వెబ్‌సైటు లేదా యాప్) తరఫు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. నేను ఈ నియమాన్నే ప్రస్తావిస్తూ ఫోటోలతో వేదికకు రాసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి వచ్చింది. రాకపోతే మన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే కేసుకు రుసుము లేదు.

డబ్బు వచ్చినా ఆ వస్తువు అమ్మకం ఆగలేదు. అదే ఫోటోలతో మరో అమ్మకందారు పేరు మీద మళ్లీ కనిపిస్తోంది. ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఫిల్టర్ మార్చుకున్నవారు గ్లోవ్ బాక్స్ తెరిచి అంచులు ఒకసారి చూడండి. ఖాళీ ఉంటే ఫోటో తీసి ముందు ఫిర్యాదు పెట్టండి, వాపసు గడువు ముగియకముందే.