పించన్ కొత్త నవల కోసం నెల్లూరులో మూడు రోజులు

ఒంగోలు వాళ్లకు నెల్లూరు పెద్ద దూరం కాదు. పెళ్లికో, ఆసుపత్రి పనికో పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరుతుంటాం. నేను మాత్రం మొన్న నవంబరులో ఒక నవల కోసం వెళ్లి మూడు రోజులు ఉండిపోయాను. అందువల్ల బస చేసిన గదులనూ, తిరిగిన చోట్లనూ ఒకే కొలతతో చూశాను: ఇక్కడ కూర్చుని పుస్తకం చదువుకోగలమా, లేదా?

ఆ నవల అమెరికా రచయిత థామస్ పించన్‌ది. 2013 తర్వాత మళ్లీ పన్నెండేళ్లకు, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, 2025 అక్టోబరు 7న ఆయన 'షాడో టికెట్' వెలువరించారు. 1932 నాటి మిల్వాకీ నగరంలో ఒక ప్రైవేటు డిటెక్టివ్, చీజ్ వ్యాపార కుటుంబపు వారసురాలిని వెదుకుతూ హంగరీ దాకా వెళ్లే కథ అని తెలుసుకుని, అంతకు మించి ఒక్క సమీక్ష కూడా చదవకుండా నన్ను నేను ఆపుకున్నాను. ఆన్‌లైన్‌లో రెండుసార్లు తెప్పించుకోబోయాను. మొదటిసారి అమ్మకందారు ఆర్డరు రద్దు చేశాడు, రెండోసారి వేరే పుస్తకం వచ్చింది. ఆ నిరాశలో ఉండగా, కాలేజీలో నాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు నెల్లూరు మూలాపేట నుంచి ఫోను చేసి, అమెరికాలో ఉన్న కొడుకు ఆ నవల తెచ్చి ఇచ్చాడని చెప్పారు. మర్నాడే పినాకిని ఎక్కాను.

పగటిపూట నెల్లూరు వెళ్లేవారికి ఆ రైలు నేను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. సుమారు గంటన్నరలో చేరుస్తుంది, కిటికీ పక్కన కూర్చుంటే చదువుకోవడానికి వెలుతురు చాలు. పడుగుపాడు దాటి పెన్న వంతెన మీదికి వచ్చేసరికి పుస్తకం మూసి నదిని చూడాలి. వానలకు ఆ రోజు నీళ్లు నిండుగా ఉన్నాయి.

స్టేషనుకు దగ్గరని మొదటి రాత్రికి తీసుకున్న లాడ్జి పన్నెండు వందల రూపాయల గది. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లకు లోటు లేదు, కౌంటరులోని పెద్దాయన మర్యాదస్తుడు. కానీ గది మొత్తానికి ఒకే ట్యూబులైటు, అదీ అద్దం మీద ఉంది. మంచం మీద ఎటు తిరిగి కూర్చున్నా నా నీడ పేజీ మీదే పడింది. రైళ్ల ప్రకటనలు తెల్లవారేదాకా వినిపించాయి. పొద్దున్నే రైలు అందుకోవలసినవారికి అది సరిపోతుంది గాని, చదువుకునేవారికి పనికిరాదు.

మాస్టారి ఇంట్లో పుస్తకం టీపాయి మీద ఉంది. సగం దగ్గర ఒక పాత రైలు టిక్కెట్టు గుర్తుగా పెట్టుకున్నారు. "సగంలో ఉండానబ్బయా. ఈ మనిషిని తొందరపడి చదివితే చేతికేమీ మిగలదు. నువ్వు ఇక్కడే కూర్చుని మొదటి పేజీలు చదువుకో," అన్నారు. నేను పుస్తకం చేతిలోకి తీసుకుని వెనక అట్ట తిప్పి చూశాను. రచయిత ఫొటో లేదు. ఉండదని తెలిసే చూశాను. కుర్రతనంలో తీసిన కొద్ది ఫొటోలు తప్ప ఆయన ముఖం లోకానికి పెద్దగా తెలియదు. 1974లో నేషనల్ బుక్ అవార్డు వస్తే, తాను వెళ్లకుండా ఒక హాస్యనటుడు అందుకునేలా ఏర్పాటు జరిగింది. 2004లో ఒక కార్టూను ధారావాహికకు తన గొంతు ఇచ్చారు గాని, అందులోని ఆయన బొమ్మ తల మీద కాగితం సంచి ఉంటుంది. దీన్ని వింత ప్రవర్తన అనేవారితో నేను ఏకీభవించలేను. 1963లో వచ్చిన మొదటి నవల నుంచి ఆయన చెప్పదలచుకున్నదంతా పుస్తకాల్లోనే ఉంది. బోయింగ్ సంస్థలో సాంకేతిక వ్యాసాలు రాసిన మనిషి కనుక క్షిపణి లెక్కలు ఎంత నమ్మకంగా చెబుతారో, వాటి పక్కనే పాత్రల చేత పాటలు కూడా అంతే హాయిగా పాడిస్తారు. అలాంటి పేజీలు ఇచ్చిన మనిషి నుంచి ముఖం కూడా కావాలని అడగడం నాకు అత్యాశగా తోస్తుంది.

ఆ మాటే మాస్టారితో అంటే ఆయన నవ్వి, "తిక్కనగారి ముఖం ఎవరు చూశారబ్బయా? పటాల్లో ఉండేది చిత్రకారుల ఊహే గదా. పదిహేను పర్వాలు మాత్రం మన ఇంట్లో ఉండాయి," అన్నారు. ఇదే ఊళ్లో, ఇదే పెన్న ఒడ్డున బతికిన కవి గురించి ఆ మాట వినడం నాకు ఎంతో నచ్చింది. ఆ సాయంత్రం రంగనాయకులస్వామి గుడి వెనక నది వైపు మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నాను. ఊళ్లో చదువుకోవడానికి నాకు దొరికిన చోట్లలో అదే మేలైనది, కాకపోతే వాన లేని రోజు వెళ్లాలి.

మొదటి పేజీలు నేను చదవలేదు. పన్నెండేళ్లు ఎదురుచూసిన నవలను ఒక గంట చదివి వదిలి రావడం నా వల్ల కాదనిపించింది. బదులుగా సంచిలో ఉన్న పించన్ చిన్న నవల, 1966 నాటిది, పట్టుకుని మైపాడు వెళ్లాను. ఊరి నుంచి పాతిక కిలోమీటర్లు. బస్సు చవక, అయితే వానలో ఆటోకు ఐదు వందలు ఇచ్చి వెళ్లాను, తప్పుగా అనిపించలేదు. దారి పొడవునా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. సముద్రం దగ్గర తీసుకున్న కాటేజీ రోజుకు రెండు వేల మూడు వందలు. కరెంటు రెండుసార్లు పోయింది, కాఫీ చల్లగా వచ్చింది, సాయంత్రం టిఫిను అడిగితే గంట పట్టింది. అయినా వరండా మూలలో చేతుల కుర్చీ ఉంది, దాని పక్కన గోడకు విడిగా ఒక బల్బు ఉంది. ఆ బల్బు కింద, వాన చూరు మీద పడుతుండగా, నూటయాభై పేజీలకు కాస్త అటూ ఇటూ ఉండే ఆ నవలను ఒక్క కూర్చోవడంలో మళ్లీ చదివాను. మధ్యాహ్నం పక్కనే ఒక ఇంట్లో వండి పెట్టిన చేపల పులుసు అన్నం తిన్నాను. ముందురోజు వండి ఉంచినదట, మామిడికాయ పులుపు ముక్క లోపలిదాకా పట్టింది.

మూడో రోజు సాయంత్రం మూలాపేట వెళ్లేసరికి రైలు టిక్కెట్టు నలభై పేజీలు ముందుకు జరిగి ఉంది. "సంక్రాంతికి ముందే అయిపోద్ది, వచ్చి తీసుకుపో," అన్నారు మాస్టారు. రైలుకు ఇంకా సమయం ఉండడంతో, అక్కడి నుంచే కాటేజీకి ఫోను చేసి, పండగ వెళ్లిన తర్వాతి వారానికి వరండా మూల గదినే నాలుగు రోజులకు అడిగి, బయానా పంపాను.