వడ్రంగి కాళ్లకు కుస్తీ బూట్లు: 6 నెలల వాడకం తర్వాత

పగలంతా నిలబడి వడ్రంగి పని చేసి, సాయంత్రం కుస్తీ సాధనకు వెళ్లే నాబోటివాడికి బూట్లతో వచ్చే ఇబ్బంది పూర్తికాలం ఆటకే అంకితమైనవాడికి అంతగా తెలియదు. నేను మ్యాట్ మీదికి చేరేసరికే పాదాలు అలసి, కాస్త ఉబ్బి ఉంటాయి. పొద్దున తొడిగి చూసుకున్నప్పుడు అతికినట్టు సరిపోయిన పాత జత సాయంత్రానికి చిటికెన వేళ్లను నొక్కేసేది. అందుకే ఈసారి పని ముగిసిన వెంటనే వెళ్లి, ఆ ఉబ్బిన కాళ్లతోనే కొలత చూసుకుని కొన్నాను. 6 నెలలుగా వారానికి 4 రోజులు వాడుతున్నాను.

ఈ జతలో మెచ్చుకోవలసింది అడుగుభాగం. మడమ కింద ఒకటి, మునివేళ్ల కింద ఒకటిగా సోలు రెండు ముక్కలై, నడుమ మెత్తటి బట్ట మాత్రమే ఉండటంతో, ప్రత్యర్థి కాలి కోసం మోకాలు ఆనించి దూసుకెళ్లినప్పుడు పాదం విల్లులా వంగుతుంది గాని, వెనుక కాలి వేళ్లు మ్యాట్‌ను వదలవు. మడమ ఎత్తు, మేకులు, బకిల్సు, లోహపు భాగాలు ఉండరాదన్న పోటీ నియమాలకూ ఇవి సరిపోతాయి. అయితే ఆ పట్టంతా సోలు శుభ్రంగా ఉన్నంతసేపే. నా బట్టల మడతల్లోంచి రాలిన రంపపు పొట్టు చిటికెడు అంటుకున్నా, చిత్రిక పట్టిన పలక మీద నిలబడినట్టు కాలు జారుతుంది. సాధనకు ముందు తడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకున్నాను. ఒళ్లు ఒరుసుకునే ఆటలో తామర వంటివి ఇట్టే పాకుతాయి కనుక, ఇవి తొడుక్కుని బయట తిరగకూడదని వేరే చెప్పనక్కరలేదు.

లోపమల్లా లేసుల దగ్గరే. బౌటు (ఒక్కో కుస్తీ పోరు) మధ్యలో అవి ఊడకుండా పైన వెల్క్రో పట్టీ పెట్టారు. నాలుగో నెలకే దాని కొక్కేల నిండా సన్నటి పొట్టు చేరి, అంటుకోవడం మానేసింది. పాత పళ్ల బ్రష్షుతో గీకితే వారం పనిచేసి, మళ్లీ మొదటికొస్తుంది. ఫ్రీస్టైల్ కుస్తీలో 3 నిమిషాల విడతలు రెండు, వాటి నడుమ 30 సెకన్ల విరామం. అందులో ఊపిరి తీసుకోవడమే గగనం, ఇక ముడులు చూసుకునేదెక్కడ? మొన్నటి పోటీలో పట్టీ లేచి ముడి వదులైంది. ప్రత్యర్థి నా చీలమండ పట్టి లాగితే ఎడమ బూటు సగం ఊడివచ్చింది, నేను కూలబడ్డాను, అతనికి 2 పాయింట్లు దక్కాయి.

దుమ్ము రేగని పని చేసేవారికి ఈ బాధ ఉండకపోవచ్చు. నేను మాత్రం ఇదే రకం మళ్లీ కొంటాను. పట్టీని మొదటి రోజే కత్తిరించేసి, లేసుల మీద టేపు చుట్టుకుంటాను.