ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్, 75 అంగుళాల్లో

విశాఖపట్నంలో మద్దిలపాలెం వైపు ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఈ ఏడాది మా తొమ్మిదో తరగతి గదిలో 75 అంగుళాల టచ్ ప్యానెల్ బిగించారు. కంపెనీ పేరు అనవసరం. డెమో ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు, "ఇదుంటే టీచర్ పెద్దగా చెప్పక్కర్లేదు సార్, పిల్లలే డిస్కవర్ చేసుకుంటారు" అన్నాడు. మా కరస్పాండెంట్ గారు ప్యానెల్ వంక చూసి, తర్వాత నా వంక చూశారు. ఆ పూటంతా నాకు టెన్షనే.

ముందు మంచి చెప్పాలి. ఆర్కిమెడిస్ సూత్రం దగ్గర ఏటా బోర్డు మీద సబ్‌మెరైన్ గీస్తాను, ఏటా ఎవడో ఒకడు "ఏటి సార్, బెండకాయా?" అంటాడు. ప్యానెల్‌లో త్రీడీ బొమ్మను వేలితో తిప్పి, అడ్డంగా కోసి చూపించాను. బాలాస్ట్ ట్యాంకుల్లోకి నీళ్లు వస్తే మునగడం, గాలి ఒత్తిడితో ఆ నీళ్లను బయటికి నెట్టేస్తే తేలడం... వెనక బెంచీ కూడా నోరు తెరుచుకుని చూసింది. సుద్దముక్కతో నావల్ల అయ్యే పని కాదది.

అదే ఊపులో పిల్లల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తానన్నాను. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన అసలు సబ్‌మెరైన్, ఐఎన్‌ఎస్ కురుసుర, 2002 నుంచి మ్యూజియంగా అక్కడే ఉంది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవు, లోపలికి దిగి నడవొచ్చు. "ప్యానెల్ ఉందిగా మాస్టారూ, మళ్లీ బస్సు ఖర్చెందుకు" అన్నారు కరస్పాండెంట్ గారు. 2020 జాతీయ విద్యా విధానం అనుభవంతో నేర్చుకోమంది కదా, మా బ్రోషర్‌లో ఆ ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ కింద వేసింది మాత్రం ఈ ప్యానెల్ ఫొటోనే.

క్విజ్ యాప్ సంగతి వేరే. సరైన జవాబుకి చప్పట్లు, తప్పుకి కప్ప బెకబెక. కప్పే బాగుందని క్లాసంతా పోటీపడి తప్పులు నొక్కుతోంది. ఆ రిపోర్టు తల్లిదండ్రుల ఫోన్లకి వెళ్తుంది. ఫస్ట్ ర్యాంకర్ వాళ్ల నాన్నగారు స్కూలుకే వచ్చేశారు, ఆయనకి కప్ప గురించి వివరించడం సూత్రం చెప్పినంత సులువు కాలేదు.

లెక్కలు చేయడానికి మాత్రం వద్దు. అరచెయ్యి ఆనితే అదో గీత. పేజీ మార్చగానే "సార్, పై లైను!" అని కేకలు. ఫస్ట్ పీరియడ్‌లో తూర్పు కిటికీ ఎండ పడితే తెర అద్దమైపోతుంది, కుర్రాళ్లు క్రాఫ్ సరిచేసుకుంటారు. కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు, యూపీఎస్ విడిగా కొనుక్కోవాలట.

ఐదుకి మూడు మార్కులు. కొనే స్కూళ్లు ఒక్కటి చూసుకోండి: దీన్ని పక్క గోడకి బిగించమనండి. మాకు నల్లబల్ల నడిమధ్యలో కొట్టేశారు, డెరివేషన్ ఎడమపక్క మిగిలిన మూరెడు జాగాలో మొదలుపెట్టి కుడిపక్క ముగిస్తున్నాను.