తాడు పట్టే బావమరిది: నల్లమల చెంచు పెంటల దారిలో

నల్లమలకు నేను రెండు విడతలుగా వెళ్ళాను. మొదటిసారి చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర చూడడానికి, రెండవసారి సంక్రాంతి సెలవుల్లో మన్ననూరు, శ్రీశైలం మీదుగా కనుమ నాటికి అహోబిలం చేరి, తిరుగుదారిలో ఆత్మకూరు వైపు అడవిలో ఒక రాత్రి ఉండేలా. పులుల అభయారణ్యం లోపలా అంచుల్లోనూ, పెంటలు అని పిలిచే చిన్న గూడేల్లో బతుకుతున్న చెంచులు తమ విద్యలను పిల్లలకు ఎలా అందిస్తున్నారో చూడాలన్నది నా ఉద్దేశం. అందువల్ల ఈ మజిలీలను గదుల శుభ్రతతోనో భోజనం రుచితోనో మాత్రమే తూచలేదు. పెద్దవాళ్ళు పని చేస్తున్నచోట పక్కన ఒక పిల్లవాడు ఉన్నాడా లేడా అన్నది నా కొలబద్ద.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు దాకా రాకపోకలు నిలిపివేస్తారు కనుక, హైదరాబాదు నుండి బయలుదేరేవారు మధ్యాహ్నం దాటకముందే కదలడం మంచిది. ఈ అమ్రాబాద్ పీఠభూమి మీదే 1940లో హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త చెంచులతో కలిసి ఉండి, వారి జీవితాన్ని గ్రంథస్థం చేశాడు. ఆయన సిఫారసు మీద నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల కోసం ప్రత్యేకించింది. నాలుగు దశాబ్దాల తరువాత, 1983లో, నల్లమల పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. రాష్ట్ర విభజన జరిగాక తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లకు పైనే. మనుషుల కోసం గీసిన హద్దుల చోట పులుల కోసం గీసిన హద్దులు వచ్చాయని ఆ చెక్‌పోస్టు దగ్గర టీ తాగుతూ అనుకున్నాను.

మన్ననూరులో అటవీశాఖ కాటేజీలున్నాయి, సఫారీ ఉంది, ఫర్హాబాద్ వ్యూపాయింట్ నుండి కనబడే లోయ ఒక్కటే అంత దూరం వచ్చినందుకు సరిపోతుంది. మా వెంట వచ్చిన గైడు చెంచు యువకుడు. జీపులో ఉన్న ఎనిమిది మందిలో ఏడుగురికి పులి కనబడుతుందా లేదా అన్నదే ప్రశ్న కావడంతో అతడికి మరో మాట చెప్పే వీలు దొరకలేదు. ఒకచోట బండి ఆగినప్పుడు మాత్రం దిగి, మట్టిలో ఉన్న అడుగుజాడ ముందు గొంతుక్కూర్చుని, జాడ కింద నలిగిన గడ్డిపోచను చూపాడు. ఆ పోచ ఇంకా పైకి లేవలేదు కాబట్టి జంతువు వెళ్ళి ఎంతోసేపు కాలేదన్నాడు. ఎవరు నేర్పారని అడిగితే, "మా నాయిన సారూ, బేస్‌క్యాంపుల వాచరు" అన్నాడు. వేటకోసం తరతరాలుగా నేర్చిన జాడ చదివే విద్య, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించాక, పులికి కాపలా కాసే ఉద్యోగంలో బతుకుతోందన్నమాట. మన్ననూరు విడిదికి నేను ఎక్కువ మార్కులు వేసింది ఈ ఒక్క గడ్డిపోచ కోసం.

సలేశ్వరం సంగతి వేరు. ఏడాదికి కొద్దిరోజులే ఆ దారి తెరుస్తారు. వాహనాలు ఆగినచోటి నుండి రాళ్ళమీద నడిచి, నిట్టనిలువు లోయలోకి దిగి, జలపాతం పక్కన గుహలో ఉన్న లింగమయ్యను చూడాలి. దిగేటప్పుడు "వస్తున్నాం లింగమయ్యా" అనీ, ఎక్కేటప్పుడు "పోతున్నాం లింగమయ్యా" అనీ జనం అరిచే అరుపులు లోయంతా మారుమోగుతాయి. అర్చకులు చెంచులే. లింగమయ్య అన్నా, శ్రీశైలం మల్లన్న అన్నా శివుడే; వారికి ఆయన తమ ఇంటివాడు, చెంచు మల్లయ్య. నేను చూసిన పూజారి పక్కన పదేళ్ళ పిల్లవాడొకడు కూర్చుని, విభూతి అందిస్తూ, తండ్రి పెదవుల కదలికను గమనిస్తూ తానూ అదే మాట లోలోపల అనుకుంటున్నాడు. ఆ తోపులాటలో ఆ పిల్లవాణ్ణి చూసినవాళ్ళు ఎంతమందో తెలియదు. వసతి మాట అడగవద్దు: ఉండదు, ఉండకూడదు కూడా. నీళ్ళు మోసుకెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్నవారు మానుకోవాలి, తిరిగి వచ్చేటప్పుడు మన ప్లాస్టిక్కును మనమే పైకి తేవాలి. భక్తుల్లో చాలామంది ఆ చివరి పని చేయరు. జాతర అయ్యాక ఆ చెత్త ఎత్తేవాళ్ళలో కింద పూజ చేసిన చెంచుల బంధువులే ఉంటారని పైన టీకొట్టు ఆయన చెప్పాడు.

శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియానికి ఒక గంట చాలు. విల్లంబులు, బుట్టలు, వాద్యాలు అద్దాల వెనుక ఉంటాయి. వాటిని వాడే చేతులు బయట ఉంటాయి. ఆ రోజు అదృష్టవశాత్తూ ఒక ముసలమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి, ఒక బుట్ట ముందు నిలబడి, అడుగు భాగం అల్లిక ఎక్కడ మొదలవుతుందో గాలిలో వేళ్ళతో చూపించింది. ఆ పిల్ల కూడా గాలిలోనే అల్లింది. నేను ఇతర గదులను త్వరగా ముగించుకుని వచ్చేశాను.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. ఆ దారిలో ఒక ప్రైవేటు విడిదిలో మాకు రాత్రి భోజనంతోపాటు "గిరిజన నృత్యం" కూడా ప్యాకేజీలో ఉందన్నారు. పది నిమిషాలు ఆడించి, ఆకులు కట్టిన నడుములతో ఫోటోలు తీయించి, బండిలో ఎక్కించి పంపేశారు. ఆడినవారిలో ఇద్దరు చెంచులు కారని, రోజు కూలికి వచ్చినవారని వాళ్ళే నవ్వుతూ చెప్పారు. గది బాగుంది, వేణ్ణీళ్ళు వచ్చాయి, మళ్ళీ మాత్రం వెళ్ళను.

అహోబిలంలో కనుమనాడు మొదలయ్యే పారువేట ఉత్సవం కోసం ఈ యాత్ర మొత్తం తేదీలు సర్దుకోవచ్చు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి అత్తవారి ఊళ్ళకు తానే వెళ్ళి తన బ్రహ్మోత్సవానికి పిలుస్తాడని నమ్మిక. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాద వరదుడు ఉన్న పల్లకీ నలభై రోజులకు పైగా నల్లమల అంచున ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతుంది. పల్లకీ దిగే అరుగులను తెలుపులంటారు. తమ ఊరికి స్వామి వచ్చే రోజే అక్కడివాళ్ళకు అసలు సంక్రాంతి, ఆడపిల్లలు పుట్టింటికి వచ్చేదీ ఆ రోజుకే. బయలుదేరే ముందు చెంచులు పల్లకీ వైపు బాణాలు వేస్తారు. అడవిలో వేటకు పనికిరాని విల్లు ఇక్కడ బావగారికి మర్యాద చేయడానికి పనికివస్తోంది. ముందు వరుసలో నిలబడిన పెద్దాయన బాణం వేసి, విల్లును తన వెనుకనున్న కుర్రవాడి చేతికిచ్చి, వాడి మోచేతిని రెండు వేళ్ళతో కాస్త పైకి ఎత్తడం నేను చూశాను. ఆ కుర్రవాడు వేసిన బాణం ఎటు పోయిందో చూడలేదు. అప్పటికే జనం పల్లకీ వెంట కదిలారు.

వసతికి దిగువ అహోబిలంలో గదులు దొరుకుతాయి, అయితే ఉత్సవానికి ముందే చెప్పి ఉంచాలి. పావన నరసింహస్వామి దగ్గరకు వెళ్ళే అడవిదారిలో మేము మాట్లాడుకున్న జీపు, సగం దారిలో ఆగి మరో నాలుగు సీట్లు ఎక్కించుకుంది. అద్దె మాత్రం తగ్గలేదు. ఎక్కకముందే మనుషుల లెక్క, ధర, ఆగే సమయం తేల్చుకోండి.

తిరుగుదారిలో ఆత్మకూరు పైన ఉన్న బైర్లూటి జంగిల్ క్యాంపులో ఒక రాత్రి ఉన్నాం. అటవీశాఖ నడిపే విడిది ఇది, పనిచేసేవారిలో చెంచులున్నారు. జనవరిలో చలి గట్టిగా ఉంటుంది కాబట్టి గుడారం కంటే కాటేజీ మేలు. ఉదయం నడకకు వచ్చిన గైడుకు నలభై ఐదేళ్ళుంటాయి. ఆయన తన మేనల్లుణ్ణి, ఆశ్రమ పాఠశాల నుండి పండుగ సెలవులకు వచ్చిన పదహారేళ్ళ కుర్రవాణ్ణి, వెంట తీసుకువచ్చాడు. వాగు ఒడ్డున తడి ఇసుక మీద వాలిన తేనెటీగను చూపించి, "ఒరేయ్, అది నీళ్ళు తాగి యాడికి పోతాదో చూడు" అన్నాడు. కుర్రవాడు కళ్ళు చికిలించి చూసి, ఎదురుగా ఉన్న కొండచరియ వైపు చెయ్యి చూపాడు. మామ తల అడ్డంగా ఊపి, "మళ్ళీ చూడు" అన్నాడు. మూడో ఈగకు గాని ఇద్దరి చేతులూ ఒకే దిక్కుకు తిరగలేదు. అరగంట అక్కడే కూర్చున్నాం, ఎవరూ తొందరపెట్టలేదు. ఆ నడకకు చెల్లించిన రుసుములో నేను కొన్నది ఆ అరగంటనే.

తేనె దించడం ఎండాకాలపు పని. కొండచరియ అంచున తాడు కట్టుకుని దిగుతారు, తేనె ఉన్న భాగం కోసుకుని, పిల్ల ఈగలున్న భాగాన్ని వదిలేస్తారు. పైన తాడు పట్టేది బావమరిదే కావాలి, ఎందుకంటే అక్కను విధవను చేసుకోవడం ఏ తమ్ముడికీ ఇష్టం ఉండదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనె, జిగురు, కుంకుళ్ళ వంటివి సేకరించుకునే హక్కును గుర్తించింది. అదే సమయంలో, అభయారణ్యం నడిబొడ్డున ఉన్న కోర్ ప్రాంతం వదిలి బయటకు వస్తామన్న కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ కూడా ఉంది. వద్దనడానికీ, కావాలనడానికీ వారికి కారణాలున్నాయి. ఆసుపత్రి దూరం ఎంతో తెలిసినవాళ్ళే ఆ మాట అనాలి. నాకు కనబడినదల్లా, ఆ చరియ నుండి దూరంగా కట్టిన కాలనీలో ఈగ ఎటు పోయిందో చూపే పాఠానికి చోటు ఉండదన్నదే.

వెళ్ళేముందు, నీకు తాడు పట్టేవాడు ఎవడని ఆ కుర్రవాణ్ణి సరదాగా అడిగాను. వాడు సిగ్గుపడి తల దించుకుంటే, మామే జవాబు చెప్పాడు: "నా కొడుకే సార్. పిల్లనిచ్చేది నేనే గదా. వాడు నంద్యాల్లో చదువుతాండాడు. వానికి సెలవులిచ్చినప్పుడే మేం తేనె దించల్ల."