బోర్డు మీద ఏడుగురు సార్లు, వర్క్‌షాపులో ఇద్దరు

మా పెద్దమ్మాయి ఈమధ్యే ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లూ పూర్తి చేసింది. విశాఖలో గాజువాక దాటాక ఉన్న ఒక ప్రైవేట్ ఐటీఐలో చదివింది. కాలేజీ పేరు రాయడం లేదు. ఎందుకంటే మా అమ్మాయి పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ ఇంకా వాళ్ల ఆఫీసు బీరువాలోనే ఉంది.

నాది ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ షాపు. 1998లో ఇదే ట్రేడ్ పాసయ్యాను, ప్రభుత్వ ఐటీఐలో. కాబట్టి మెషీన్లున్నాయా, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పనిచేస్తుందా, వైరింగ్ బోర్డులు ఎన్ని అని చూసుకునే చేర్పించాను. అన్నీ ఉన్నాయి. ప్రిన్సిపాల్ గది బయట పెద్ద ఫ్లెక్సీ కూడా ఉంది. ఫొటోలతో, క్వాలిఫికేషన్లతో తొమ్మిది మంది స్టాఫ్. ఏడుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. "మా దగ్గర అందరూ ఎక్స్‌పీరియన్స్ ఉన్న మాస్టార్లేనండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. నా కళ్లకి అది మామూలుగానే కనిపించింది. మా రోజుల్లో కుట్టుపని ట్రేడ్‌లో ఒక మేడమ్ తప్ప మిగతా వర్క్‌షాపులన్నిట్లో మగ మాస్టార్లే. ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం వచ్చిందంటే ఊళ్లో స్వీట్లు పంచేవారు.

రెండు నెలలు గడిచాక మా అమ్మాయి అన్నం తింటూ అడిగింది. "నాన్నా, బోర్డు మీద ఉన్న సార్లు ఎప్పుడొస్తారు?"

వచ్చారు, ఇన్‌స్పెక్షన్ రోజున. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని కొత్త మనుషులు దిగారట. అందులో ఒకాయన మా అమ్మాయినే ఆపి "అమ్మా, వైండింగ్ సెక్షన్ ఎటు?" అని అడిగాడట. ఫ్లెక్సీలో ఆయన ఫొటో కింద రాసింది ఏంటనుకున్నారు? సీనియర్ ఇన్‌స్ట్రక్టర్, ఎలక్ట్రీషియన్!

నిజంగా రోజూ వచ్చేది నలుగురే. కోపా అనే కంప్యూటర్ ట్రేడ్ మేడమ్, బీటెక్ ట్రిపుల్ఈ చదివిన ఎలక్ట్రికల్ మేడమ్, ఫిట్టర్ సారు, ప్లాంటులో రిపేర్ షాపులో పనిచేసి రిటైరైన మాస్టారు. అంటే బోర్డు మీదున్న ఇద్దరు ఆడవాళ్లూ వస్తారు, ఏడుగురు మగవాళ్లలో ఇద్దరే వస్తారు. ఆ ఇద్దరిలో ఫిట్టర్ సారు రెండో ఏడాది మధ్యలో అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీ మెయింటెనెన్స్‌లోకి వెళ్లిపోయాడు. ఇక్కడ 15 వేలు, అక్కడ దానికి రెట్టింపు. పిల్లాజెల్లా ఉన్నవాడు, తప్పు పట్టను. డ్రాయింగ్ క్లాసు మాత్రం ఆయనతోనే పోయింది, మళ్లీ రాలేదు.

మా బావమరిది పాలిటెక్నిక్‌లో లెక్చరర్. ఈ సంగతి చెబితే నవ్వాడు. స్కూళ్లలో టీచర్లు ఇప్పుడు ఆడవాళ్లే ఎక్కువట, 2024-25లో యూడైస్ అనే కేంద్రం వారి స్కూళ్ల లెక్కలో దేశం మొత్తం మీద 54 శాతం. పాలిటెక్నిక్‌లు, డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీలు అన్నీ కలిపి చూస్తే మగవాళ్లదే పైచేయి. అయినా 2014-15లో వంద మంది మగ లెక్చరర్లకి 63 మంది ఆడవాళ్లుంటే, 2021-22 నాటికి 77 మంది అయ్యారు. "మీ ఐటీఐలో కూడా అదే గాలి వీస్తోంది బావా" అన్నాడు. నాకు అలా అనిపించలేదు. ఇక్కడ ఆడవాళ్లు వచ్చి మగవాళ్లని తగ్గించలేదు. మగవాళ్లు వెళ్లిపోయారు, ఆ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, కాగితం మీద మాత్రం నిండి ఉన్నాయి.

రూలు ఏం చెబుతుందో కూడా రాస్తాను, చేర్పించేవాళ్లకి పనికొస్తుంది. ఒక ట్రేడ్‌లో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లుంటే ఒకరు డిగ్రీ గానీ డిప్లొమా గానీ చేసినవారు, ఇంకొకరు మాలాగా ఐటీఐ గానీ అప్రెంటిస్‌షిప్ గానీ చేసి పైకొచ్చినవారు కావాలి. డిగ్రీ వాళ్లకి ఏడాది, డిప్లొమా వాళ్లకి రెండేళ్లు, ఐటీఐ వాళ్లకి మూడేళ్లు అనుభవం ఉండాలి. ఇద్దరికీ సీఐటీఎస్ అనే ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలి. ఒకరికి లెక్క తెలుస్తుంది, ఇంకొకరికి చెయ్యి తిరుగుతుంది. ఈ రూలు రాసినవాడెవడో పని తెలిసినవాడే. అయితే ఆ రెండో రకం మనిషి, అంటే చెయ్యి తిరిగిన మగవాడు, ముప్పై ఏళ్ల వయసులో ఐటీఐలో ఉండట్లేదు. ఉంటే అరవై దాటినవాడే ఉంటున్నాడు.

మాస్టారి గురించి కాస్త ఎక్కువే రాయాలి. ఒకరోజు అమ్మాయికి లంచ్ బాక్స్ ఇవ్వడానికి వెళ్లి వైండింగ్ సెక్షన్ కిటికీ దగ్గర నిలబడిపోయాను. బల్ల మీద పాత త్రీఫేజ్ మోటారు, బయటికి ఆరు వైర్లు, ట్యాగులు ఎప్పుడో కాలిపోయాయి. ఏది మొదలో ఏది చివరో తెలీదు. ఆయన కుర్చీలోంచి లేవలేదు. చేతికర్రతో చూపిస్తున్నారు, పని పిల్లలు చేస్తున్నారు. ముందు సిరీస్ లైటుతో మూడు జతలు విడదీయించారు. తర్వాత రెండు కాయిళ్లని వరసగా కలిపి సప్లై ఇప్పించి, మూడో కాయిల్‌కి చిన్న బల్బు పెట్టించారు. బల్బు వెలగలేదు. "చివర చివర కలిపావమ్మా, తిప్పు" అన్నారు. మా అమ్మాయి ఒక కాయిల్ కొసలు మార్చింది. వెలిగింది. "ఇప్పుడు ట్యాగు కట్టు, లేకపోతే పై ఏడాది పిల్లలు నిన్ను తిడతారు." నా షాపులో ఆ పని రోజూ చేస్తాను. అంత తక్కువ మాటల్లో నా కుర్రాళ్లకి ఏనాడూ చెప్పలేదు.

ఎలక్ట్రికల్ మేడమ్ మొదట్లో నోట్సు చెప్పి రాయించేవారట, స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి జంకేవారట. మెచ్చుకోవాల్సింది ఏంటంటే, మాస్టారి క్లాసులో పిల్లలతో పాటు తానూ స్టూలు వేసుకుని కూర్చున్నారు. రెండో ఏడాదికి మోటారు స్టార్ట్ చేసే స్టార్-డెల్టా ప్యానెల్ ఆవిడే ఒంటిచేత్తో వైరింగ్ చేసి, కావాలని ఒక తప్పు కనెక్షన్ పెట్టి, "ఎక్కడుందో పట్టుకోండి" అనేవారు. బ్యాచ్‌లో ఐదుగురు అమ్మాయిలకి మల్టీమీటర్ అంటే భయం పోయింది ఆవిడ వల్లే. జీతం 14 వేలు. సీఐటీఎస్‌కి వెళ్తానంటే ఏడాది సెలవు ఇవ్వనన్నారట.

మిగతావి గబగబా. బాత్రూములు ఫర్వాలేదు. బస్సు టైముకి వస్తుంది. కంప్యూటర్ మీద రాసే పరీక్షకి కోపా మేడమ్ బాగా ప్రాక్టీసు చేయించారు. ఫీజు ఏడాదికి 20 వేలు, రసీదు అడిగితేనే ఇస్తారు.

ఐటీఐల మరమ్మతుకి కేంద్రం 60 వేల కోట్ల పథకం పెట్టింది, అందులో 50 వేల మంది ట్రైనర్లకి శిక్షణ కూడా ఉంది. కానీ అది వెయ్యి ప్రభుత్వ ఐటీఐలకి. మన ఫ్లెక్సీ దాకా ఎప్పుడొస్తుందో.

ఐదుకి మూడు స్టార్లు. రెండు మాస్టారివి, ఒకటి మేడమ్‌ది. ఆఫీసుకి ఏమీ లేదు.

చూడ్డానికి వెళ్లేవాళ్లు అడ్మిషన్ల రోజున వెళ్లకండి. మామూలు బుధవారం పదకొండింటికి వెళ్లి, ఫ్లెక్సీ ఫొటో తీసుకుని, ఒక్కో వర్క్‌షాపులోకి తొంగి చూసి లెక్కపెట్టుకోండి. మా తమ్ముడు వాళ్లబ్బాయిని ఈ ఏడు అక్కడే చేర్చాలా అని అడిగితే, "మాస్టారు ఉన్నారేమో కనుక్కో" అన్నాను. కనుక్కున్నాడు. ఉన్నారట. మోకాళ్ల నొప్పులని వారానికి మూడు రోజులే వస్తున్నారట.