‘మామూలుగా పది రోజులైనా ఉంటాయే’ అన్నాడు: కుందేలు కొనబోయేవాళ్లకు హెచ్చరిక

బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకు మా కుందేలు పిల్ల పోయింది. ఈ రోజు శుక్రవారం. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను కానీ, చల్లారితే రాయనని నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. అమ్మినవాడి పేరు రాయడం లేదు. అరచేతిలో కుందేలును కూర్చోబెట్టి ‘కిలో దాటదు, జీవితాంతం ఇంతే ఉంటుంది’ అని చెప్పే ఆ వీడియోలు చూసిన విజయవాడ వాళ్లకు పేరు అక్కర్లేదు. ఆ వీడియోలు చూసే నేనూ వెళ్లాను. మొత్తం 6,500 రూపాయలు. పిల్లకు 2,800, ‘ఫుల్ సెట్’ అని పేరు పెట్టిన సామానుకు 3,700. రసీదు అడగలేదు. నవ్వుకోండి.

మా పాపకు ఏడేళ్లు నిండే రోజుకు కుందేలు కావాలంది. కుక్కకు అపార్టుమెంటు వాళ్లు ఒప్పుకోరు, పిల్లికి మా ఆవిడ ఒప్పుకోదు. కుందేలుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. అంతే సంగతి.

ఇక నా తయారీ చూడాలి. రెండు వారాలు ఇల్లంతా తిరగేశాను. కుందేళ్ల పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయని, దొరికిన వైరునల్లా కొరుకుతాయని చదివి, ఫ్రిజ్ వెనకా టీవీ వెనకా ఉన్న వైర్లన్నిటికీ ప్లాస్టిక్ కేసింగ్ పట్టీలు బిగించాను. మనీప్లాంటు ఆకు కొరికితే నోరు మండి వాస్తుందని దాన్ని అల్మరా పైకి ఎక్కించాను. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారతాయని పాత దుప్పట్లు పరిచాను. బాల్కనీ గ్రిల్లు సందుల్లోంచి కాకులు, పిల్లులు రాకుండా సన్నని వల కట్టించాను. ఫినాయిల్ వాసన పడదేమోనని వారం ముందు నుంచే ఉత్త నీళ్లతో ఇల్లు తుడిపించాను. పొద్దున్నే పూలు వేసే ఆమెకు రోజూ పది రూపాయల గరిక తెమ్మని చెప్పాను. ‘చవితి అయిపోయిందిగా బాబూ, ఇప్పుడు గరికెందుకు?’ అని ఆమె నవ్వింది కూడా.

ఇన్ని చేసిన మహానుభావుడు, తీరా దుకాణంలో పిల్లకు ఎన్ని వారాలని ఒక్క మాట గట్టిగా అడగలేదు. బెండకాయ కొన విరిచి చూడనిదే పావుకిలో కొనను నేను. వంకాయకు పుచ్చుందేమోనని చుట్టూ తిప్పి చూస్తాను. 2,800 పోసి ప్రాణమున్న పిల్లను కొంటూ, అది తెల్లగా ఉందా, పాప నవ్విందా అన్నవి మాత్రమే చూశాను. ‘రెండు నెలలు దాటాయి సార్, పొట్టి జాతి’ అన్నాడు. తలూపాను. ‘వారం గ్యారంటీ సార్’ అన్నాడు. దానికీ తలూపాను.

ఆ ఫుల్ సెట్ సంగతి కూడా వినండి. రెండడుగుల పంజరం, అడుగున తీగ జాలి. ‘కింద ట్రేలో పడిపోతుంది సార్, ఇల్లు వాసన రాదు’ అన్నాడు. నీళ్ల సీసా, ఒక సంచి రంపపు పొట్టు, మెడకు కట్టే ఎర్ర తాడు (కుందేలుకు తాడేమిటో ఆ దేవుడికే తెలియాలి), ఒక కిలో ‘మిక్స్’. అందులో పగిలిన మొక్కజొన్న, పొద్దుతిరుగుడు గింజలు, రంగురంగుల బిళ్లలు. గరిక చెప్పి ఉంచానంటే గట్టిగా వద్దన్నాడు. ‘పచ్చిగడ్డి చలువ చేస్తుంది సార్, విరేచనాలు పట్టుకుంటాయి. మా మిక్స్ తప్ప ఏమీ పెట్టకండి.’ నిపుణుడు చెప్పాడు కదా! ఆదివారం పొద్దున వచ్చిన గరిక కట్టను నేనే తీసుకెళ్లి కింద పార్కులో పడేసి వచ్చాను.

శనివారం రాత్రి ఇంటికి తెచ్చాం. పాప ‘మరమరం’ అని పేరు పెట్టింది. నిజంగానే అంత తేలిక. మా అమ్మ మాత్రం పంజరం దగ్గర కూర్చుని, ‘ఇది ఇంకా పాలు మరిచినట్టు లేదురా. పొదుగు వెతుక్కునే దూడలా మూతి తిప్పుతోంది చూడు’ అంది. పశువుల మధ్య పెరిగిన మనిషి. నేనేమో ‘కుందేళ్లు ముక్కు అలాగే ఆడిస్తాయమ్మా’ అని వీడియోల జ్ఞానం పంచాను.

సోమవారం సాయంత్రానికి మిక్స్ ముట్టడం తగ్గింది. మంగళవారం పొద్దున మూలకు ముడుచుకుని, వీపు వంచి కూర్చుని, పళ్లు కటకట కొరకడం మొదలుపెట్టింది. ఇప్పటికీ మింగుడు పడనిది ఇదే. కుందేలు హాయిగా ఉంటే పళ్లు మెల్లగా నూరుతుందని ఎక్కడో విన్నాను. పాపను పిలిచి, ‘చూడమ్మా, మరమరానికి మన ఇల్లు నచ్చింది’ అని చూపించాను. మెల్లగా నూరితే హాయి, గట్టిగా కొరికితే నొప్పి. ఆ తేడా నాకు ఆ సాయంత్రం డాక్టరు చెప్పారు. అది నొప్పితో పళ్లు కొరుకుతుంటే నేను పక్కన నిలబడి వీడియో తీశాను.

మధ్యాహ్నానికి వెనక భాగమంతా నీళ్ల విరేచనంతో తడిసిపోయింది. అమ్మినవాడికి ఫోను చేశాను. ‘పిల్లలకు వాడే యాంటీబయాటిక్ సిరప్ ఇంట్లో ఉంటుంది కదా సార్, అమాక్సిసిలిన్, రెండు చుక్కలు పోయండి, లేచి కూర్చుంటుంది’ అన్నాడు. సీసా మూత కూడా తీశాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరు డాక్టర్లు ‘మేం కుందేళ్లను చూడం’ అన్నారు. మూడో ఆయన చూశారు. సిరప్ సంగతి చెప్పగానే రాస్తున్న కలం కింద పెట్టి, ‘పోశారా?’ అని అడిగారు. ఆ మందు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, అసలు రోగం కంటే ముందు మందే చంపుతుందట.

తూస్తే 320 గ్రాములు. ‘రెండు నెలలా? నెల కూడా నిండలేదండీ’ అన్నారు. కుందేలు పిల్ల మూడో వారంలో గడ్డి కొరకడం మొదలుపెట్టినా ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గర ఉండటం మేలట. పాలు మానిపించి, ఒక్కసారిగా మొక్కజొన్న లాంటి పిండి పదార్థం పెడితే లేత పేగులు తట్టుకోలేవు. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది ముందుకు సాగాల్సిందే. ‘ఏం పెట్టి ఉండాల్సిందండీ?’ అని అడిగాను. ‘ఈ వయసులో తల్లి పాలు, కాస్త ఎండుగడ్డి. పెద్దయ్యాక కూడా ముఖ్యమైన తిండి గడ్డే. మన గరిక బ్రహ్మాండంగా పనికొస్తుంది’ అన్నారు. నేను పార్కులో పడేసిన గరిక.

ఇంకొకటి. ఒళ్లంతా తెలుపు, కళ్లు ఎరుపు. ఇది పొట్టి జాతి కాదట, న్యూజిలాండ్ వైట్ అట, మాంసం కోసం ఫారాల్లో పెంచే రకం. బతికి ఉంటే నాలుగైదు కిలోలయ్యేది. కిలో దాటదన్న మాట మాత్రం అతను నిలబెట్టుకున్నాడు.

చర్మం కింద సెలైన్ ఎక్కించారు, వెచ్చగా ఉంచమన్నారు. రాత్రంతా వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టాం. మూడింటికి చెవులు చల్లబడ్డాయి. పాపను లేపలేదు.

పొద్దున పదింటికి దుకాణం తెరిచే వేళకు ఫోను చేశాను. డబ్బు కోసం కాదు, నమ్మండి. ఎవరినైనా తిట్టాలనిపించింది. ఎత్తాడు. చెప్పాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. పాపం బాధపడుతున్నాడేమో అనుకున్నాను, అంత వెర్రివాణ్ణి. ఆ తర్వాత అన్నాడు: ‘నాలుగు రోజులకేనా? మామూలుగా పది రోజులైనా ఉంటాయే!’

తడబడలేదు, నోరు జారానని నాలుక కరుచుకోలేదు. పాలు అనుకున్నదానికంటే ముందే విరిగిపోయాయంటే పాలవాడు ఆశ్చర్యపోయినట్టు, అంత మామూలుగా అన్నాడు. అంటే లెక్క తెలుసు. ఏ పిల్ల ఎన్ని రోజులుంటుందో అతనికి తెలుసు. వారం గ్యారంటీ ఎందుకు పెట్టాడో అప్పుడు అర్థమైంది: పదో రోజున పోతే అడిగేవాడుండడు. నాది తొందరపడి నాలుగో రోజునే పోయి అతని లెక్క తప్పించింది.

‘మరి గ్యారంటీ?’ అన్నాను, నోరు పెగుల్చుకుని. ‘అది ఆరోగ్యంగా ఉన్నవాటికి సార్. మీరు డాక్టర్ల దగ్గరకు తిప్పారు, సూదులు పొడిపించారు, ఇక నా బాధ్యత కాదు’ అన్నాడు. నేనేమీ అనకముందే గొంతు మెత్తగా చేసి, ‘పోనీ ఇంకోటి సగం ధరకు ఇస్తాను, ఇప్పుడే రండి. తెల్లదే ఉంది. పాప నిద్ర లేవకముందు మార్చేయండి సార్, పిల్లలకు తేడా తెలియదు’ అన్నాడు.

పాప అప్పటికే లేచింది. నా పక్కనే నిలబడి ఉంది. ఫోను స్పీకరులో ఉంది.

ఏమన్నానో రాయను, రాయదగ్గ మాటలు కావు. పది నిమిషాల తర్వాత మళ్లీ చేస్తే ఎత్తలేదు. వాట్సాప్‌లో డాక్టరు చీటీ ఫోటో పంపితే ఒకే టిక్కు పడింది, ఇప్పటికీ ఒకటే. గురువారం ఆ వీడియోల పేజీలో కొత్తది వచ్చింది. అరచేయి అదే, ఉంగరం అదే, కుందేలు వేరు.

నాలాగా ఇల్లు సర్దుకుంటున్నవాళ్లెవరైనా ఉంటే రెండు ముక్కలు. వైర్లూ దుప్పట్లూ తర్వాత, ముందు కుందేళ్లను చూసే డాక్టరు ఊళ్లో ఎక్కడున్నారో తెలుసుకోండి. పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ఆగకుండా పరుగెత్తండి. తల్లిని చూపించమనండి, చూపించకపోతే కొనకండి. వెనక భాగం పొడిగా ఉందో లేదో ఎత్తి చూడండి. జాలి అడుగున్న పంజరం వద్దు. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాళ్లకు మెత్తలుండవు, బొచ్చే, తీగ మీద పుండ్లు పడతాయి. కుక్కలకు కొట్టే పిడుదుల స్ప్రే కుందేలుకు కొట్టవద్దని, అందులోని ఫిప్రోనిల్ వాటికి విషమని కూడా డాక్టరు చెప్పారు. 2018 నాటి కేంద్ర నియమాల ప్రకారం ఇలాంటి దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి, ఆ పత్రం అడగండి. నేను అడగలేదు కాబట్టి ఫిర్యాదు రాద్దామంటే ఇప్పుడు నా దగ్గరున్నది ఒక ఫోను నంబరు, డబ్బు పంపినప్పుడు వచ్చిన ఒక వరస అంకెలు.

పంజరం అమ్ముతారా అని పక్క ఫ్లాటాయన అడిగారు. అమ్మను. పాత ఇనుము కొనేవాడికి ఇస్తాను, అదీ తీగలు కత్తిరించాకే.

పూలామెకు ఇంకా చెప్పలేదు. ఈ పొద్దున కూడా తలుపు గొళ్లానికి మల్లెపూల పొట్లం పక్కన గరిక కట్ట వేలాడుతోంది.