వాలు ట్రాక్ మోషన్ కిట్ రివ్యూ: టైమర్ సూపర్, మాన్యువల్‌తోనే జాగ్రత్త

మీటరు పొడవు అల్యూమినియం ట్రాక్, రెండు ఫొటోగేట్లు (కాంతి కిరణానికి వస్తువు అడ్డొచ్చిన క్షణాన్ని పట్టే సెన్సర్లు), ఒక డిజిటల్ టైమర్, స్టీల్ బాల్, డిస్క్, రింగ్, ఇవన్నీ ఒకే పెట్టెలో వచ్చే కిట్ ఇది. వాలు మీద దొర్లే వస్తువు త్వరణం కొలవడానికి. పెద్ద క్లాసుల పిల్లలతో కొన్నాళ్లుగా వాడుతున్నా, కొనొచ్చు అని ముందే చెప్పేస్తున్నా. కాకపోతే లోపల ఇచ్చిన మాన్యువల్ చెప్పినట్టే లెక్క కడితే జి (భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం) విలువ 9.8 రావాల్సింది 7.6 దగ్గర ఆగిపోతుంది, పిల్లలేమో "ఘర్షణ వల్ల తగ్గింది సార్" అని రికార్డులో రాసేసి పేజీ తిప్పేస్తారు. అసలు కారణం ఘర్షణ కాదు, అందుకే ఇంత పెద్ద రివ్యూ రాస్తున్నా.

ముందు టైమర్ గురించి. దీనికి ఫుల్ మార్కులు. ట్రాక్ ఒక చివర 5 సెం.మీ. ఎత్తు పెట్టామనుకోండి, చదునైన తలం మీద గట్టి బంతి మీటరు దొర్లడానికి దాదాపు 2.39 సెకన్లు పడుతుంది, డిస్క్‌కి 2.47. అంటే రెండింటికీ తేడా 0.08 సెకను, మన కన్ను చూసి వేలు బటన్ నొక్కే లోపే 0.2 సెకను దాకా పోతుంది కదా, ఇక స్టాప్‌వాచ్‌తో ఏది ముందు ఏది వెనక అని ఏం తేలుతుంది చెప్పండి. ఈ టైమర్ మిల్లీసెకన్లలో చూపిస్తుంది, ఒకే చోట నుంచి మళ్లీ మళ్లీ వదిలినా రీడింగులు దగ్గరదగ్గరగా వస్తాయి. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లోమోషన్ ఉన్నవాళ్లకి అది కూడా పనికొస్తుంది, ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు, కానీ ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ కూర్చునే ఓపిక కావాలి.

ఇప్పుడు అసలు విషయం. బంతి పక్కకి పోకుండా ట్రాక్‌కి మధ్యలో V ఆకారం గాడి ఇచ్చారు, 90 డిగ్రీల గాడి. మాన్యువల్‌లో మాత్రం గట్టి గోళం త్వరణం జి సైన్ తీటాలో (తీటా అంటే వాలు కోణం, దాని సైన్ అంటే ఎత్తుని ట్రాక్ పొడవుతో భాగిస్తే వచ్చేది) 5/7 వంతు అని రాశారు. అది చదునైన తలం మీద, బంతి అడుగున ఒక్క బిందువు దగ్గర ఆనుకుని దొర్లినప్పుడు మాత్రమే కరెక్ట్. గాడిలో బంతి అడుగు తగలదు, రెండు పక్కలా ఆనుతుంది, ఆ ఆనే చోట్లకి తిరిగే అక్షం నుంచి ఉండే దూరం పూర్తి వ్యాసార్థం కాదు, దాన్ని రూట్ 2తో భాగిస్తే వచ్చేదే. అంటే ముందుకి అంతే దూరం వెళ్లడానికి బంతి ఎక్కువ చుట్లు తిరగాలి, కిందికి దిగుతూ వచ్చిన శక్తిలో ఎక్కువ భాగం ఆ తిరగడానికే పోతుంది, ముందుకి కదలడానికి మిగిలేది తక్కువ. లెక్క కడితే 5/7 కాస్తా 5/9 అవుతుంది. 5 సెం.మీ. ఎత్తుకి 0.35 మీ./సె² రావాల్సిన త్వరణం 0.27కి పడిపోతుంది, నా రీడింగులు కూడా ఆ 0.27 చుట్టూనే ఉన్నాయి. 5/9 పెట్టి వెనక్కి లెక్క కడితే జి చక్కగా 9.8 దగ్గరికి వస్తుంది. జారకుండా దొర్లేటప్పుడు ఘర్షణ శక్తిని తినేయదు, బంతిని తిప్పే పని చేస్తుందంతే. ఆ మాట పిల్లలకి అర్థమయ్యే బంగారంలాంటి అవకాశం ఇక్కడుంది, మాన్యువల్ దాన్ని పాడు చేసింది.

రెండోది, మొదటి గేటు ఎక్కడ పెట్టాలి అన్నది. మాన్యువల్ బొమ్మలో బంతిని గేటుకి కాస్త పైన పెట్టి వదలమని ఉంది, లెక్కలో మాత్రం తొలి వేగం సున్నా. ఆ "కాస్త" చాలా ఖరీదైనది. గేటు దాకా 2 సెం.మీ. దొర్లే లోపే బంతికి సెకనుకి 10 సెం.మీ. వేగం వచ్చేస్తుంది, గేట్ల మధ్య 60 సెం.మీ. ఉంటే, సున్నా అనుకుని కట్టిన లెక్కలో త్వరణం 0.27 బదులు 0.39 వస్తుంది! ఇంకా ఘోరం ఏంటంటే గాడి వల్ల తగ్గే తప్పు, దీనివల్ల పెరిగే తప్పు ఒకదాన్నొకటి కొంత కప్పేసుకుని, పుస్తకం చెప్పే 0.35కి దగ్గరగా ఏదో నంబర్ వచ్చి అంతా బాగుందనిపించొచ్చు. అందుకే రెండు గేట్ల దగ్గరా వేగం విడివిడిగా కొలిచి, రెండు వేగాల వర్గాల తేడాని దూరానికి రెట్టింపుతో భాగించండి, మొదటి గేటు ఎక్కడున్నా గొడవ ఉండదు. టైమర్‌లో దానికి మోడ్ ఉంది కూడా.

ఆ మోడ్ వాడేటప్పుడు గేటు ఎత్తు చూసుకోండి. కిరణం బంతి నడుం మీదుగా పోవాలి. 25 మి.మీ. బంతికి కిరణం 5 మి.మీ. పైకో కిందకో ఉంటే అడ్డొచ్చేది 25 కాదు, దాదాపు 23 మి.మీ.నే, టైమర్‌కి మాత్రం మనం 25 అని ఇచ్చి ఉంటాం, వేగం 9 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. గేటు బిగించే స్క్రూలు కొంచెం వదులు, ఇదొక్కటి వాళ్లు సరిచేయాలి.

పక్కన అంటించిన కోణమానిని వాడొద్దు. 5 సెం.మీ. ఎత్తంటే 3 డిగ్రీలు కూడా లేదు, అందులో అర డిగ్రీ అటూ ఇటూ అయితే 17 శాతం తేడా కొట్టేస్తుంది. స్కేలు పెట్టి ఎత్తు కొలిచి పొడవుతో భాగించండి, మి.మీ. తప్పు పోయినా 2 శాతమే.

ట్రాక్ తిరగేస్తే చదును వైపు, రింగ్, డిస్క్ అక్కడే. ఇది నాకు బాగా నచ్చింది. త్వరణం రింగ్‌కి జి సైన్ తీటాలో సగం వంతు, డిస్క్‌కి 2/3, బంతికి 5/7, ఈ వరస కళ్లముందే కనపడుతుంది, బరువు సైజు ఏమైనా సరే. ఇంకో సరదా ఏంటంటే చదును మీద డిస్క్‌ని గెలిచే అదే బంతి, గాడిలో దొర్లినప్పుడు డిస్క్ టైమ్ కంటే వెనకబడిపోతుంది, ఇది పిల్లలతో ముందు ఊహ చెప్పించి తర్వాత చేసి చూపించండి, క్లాసంతా కాసేపు వాదించుకుంటుంది. చదును వైపు వాడేముందు అడ్డంగా స్పిరిట్ లెవెల్ పెట్టండి, లేకపోతే బంతి అంచుకి రాసుకుంటూ పోతుంది.

జి విలువ అక్కర్లేదు, దూరం కాలం వర్గంతో పెరుగుతుందని చూపిస్తే చాలు అనుకుంటే గాడి పెద్ద సమస్యే కాదు. గెలీలియో కూడా గాడిలోనే కంచు బంతి దొర్లించాడు, పాత్రలోంచి కారిన నీళ్లు తూచి కాలం కొలిచాడు, 1638లో అచ్చయింది ఆ వివరం. ఆయనకి కావాల్సింది నిష్పత్తి, సమాన కాలాల్లో 1, 3, 5, 7 చొప్పున దూరాలు, అది ఏ గాడిలోనైనా నిలబడుతుంది. ఈ కిట్‌తో ఆ నిష్పత్తి చాలా శుభ్రంగా వస్తుంది, బంతిని కిరణానికి సరిగ్గా ఆనించి వదిలితే చాలు.

5కి 4 ఇస్తున్నా. కట్ చేసిన ఆ ఒక్కటి మాన్యువల్‌కే, తయారీవాళ్లు తర్వాతి ప్రింటులో గాడికి 5/9 అని ఒక్క లైను మార్చి, గేటు బొమ్మ సరిచేస్తే అది కూడా ఇచ్చేస్తా. అప్పటిదాకా కొన్నవాళ్లు ఆ పేజీలో పెన్నుతో దిద్ది పిల్లల చేతికివ్వండి.